హాలులో మధ్య అంతస్తు వేసేముందు
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘ భవనం హాలులో మెజ్జనైన్ వేసి గ్రంథాలయాన్ని దానిమీదికి మార్చాలన్న ప్రతిపాదన మీ ముందుంది. ఇంజనీరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి కనుక నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. ఈ ప్రతిపాదనకు మొదట చేయి ఎత్తినవారిలో నేనూ ఒకణ్ణి. ఆ తరువాత టేపు తీసుకువెళ్ళి హాలు కొలిచాను. ఎత్తిన చేయి సగం దించవలసి వచ్చింది.

మెజ్జనైన్ అనగానే కొత్త వస్తువేదో అనుకోనక్కరలేదు. మన పాత ఇళ్ళలో అటక ఉండేది. ఆవకాయ జాడీలు, ఇత్తడి గంగాళాలు, పాత ఊయల అన్నీ దానిమీదే. అటక మీదికి సామాను ఎక్కుతుంది, మెజ్జనైన్ మీదికి మనుషులు ఎక్కుతారు. అంతే తేడా. కాని ఆ తేడాతోనే లెక్కలన్నీ మారిపోతాయి.

ముందు ఎత్తు సంగతి. నేషనల్ బిల్డింగ్ కోడు ప్రకారం మెజ్జనైన్‌కు కనీసం 2.2 మీటర్ల ఎత్తు ఉండాలి, అంటే సుమారు 7 అడుగుల 3 అంగుళాలు. దాని కిందా మనిషి తిరగాలి కనుక అక్కడా అంతే వదలాలి. స్లాబు, గర్డరు కలిపి ముప్పాతిక అడుగు. మొత్తం 15 అడుగుల 3 అంగుళాలు. మన హాలు దూలం కింద 15 అడుగుల 6 అంగుళాలు ఉంది. మిగిలేది మూడు అంగుళాలు. సీలింగు ఫ్యాను మాట మరచిపోవచ్చు. వైశాల్యం కూడా భవనం ప్లింతు ఏరియాలో మూడో వంతుకు మించరాదు. మన హాలు 960 చదరపు అడుగులు కనుక 320 వరకే. సగం హాలుకు వేసిన అంచనా అక్కడే చెల్లదు.

ఇక బరువు. నా ఉద్యోగకాలంలో ఒక కార్యాలయం రికార్డు గదిలో ఇలాంటి అంతస్తే వేయించాను. దానిమీద ఏమి పెడతారని అడగలేదు. ఆఫీసు గదే కదా అని సంతకం చేశాను. నాలుగేళ్ళలో పాత ఫైళ్ళ మూటలు కప్పుదాకా పేర్చారు. స్లాబు కుంగి కింది తలుపు బిగుసుకుపోయింది. ప్రాణాపాయం జరగలేదు, అది నా అదృష్టం. ఐ.ఎస్. 875 రెండో భాగంలో నివాసపు గదికి చదరపు మీటరుకు సుమారు 200 కిలోల బరువు లెక్కిస్తే, పుస్తకాల బీరువాలుండే గదికి 600 కిలోలు లెక్కించమన్నారు. మన 320 చదరపు అడుగులకు అది సుమారు 18 టన్నులు. అయిదు అంగుళాల కాంక్రీటు స్లాబు వేస్తే దాని సొంత బరువే మరో తొమ్మిది టన్నులు.

స్తంభాలు వేస్తే హాలుకు అడ్డం కనుక, పై దూలాలనుంచి ఇనుప ఊచలతో వేలాడదీద్దామని మేస్త్రీగారు అన్నారు. మా ఇంజనీర్లకు ఆ మాట వింటే గుర్తొచ్చేది అమెరికాలోని కాన్సస్ సిటీ. 1981 జూలై 17న అక్కడి హయత్ రీజెన్సీ హోటలులో ఒకదానికింద ఒకటి ఊచలతో వేలాడదీసిన రెండు నడకవంతెనలు కూలి 114 మంది చనిపోయారు. మొదటి డిజైనులో రెండు వంతెనలనూ మోసే ఒకే పొడుగు ఊచ ఉండేది. పని సులువు కోసం దాన్ని రెండు ముక్కలు చేసి, కింది వంతెనను పై వంతెన దూలానికే తగిలించారు. బావిలో చేదతాడు పట్టుకుని ఇద్దరు వేలాడుతున్నారనుకోండి. ఇద్దరూ తాడునే పట్టుకుంటే ఎవరి బరువు వారి చేతులమీదే. కిందివాడు తాడు వదిలి పైవాడి కాళ్ళు పట్టుకుంటే? తాడుమీద బరువు పెరగలేదు, పైవాడి పట్టుమీద రెట్టింపయింది. అక్కడ జారిపోయింది ఆ పట్టే. మన పై దూలాలనైతే కప్పును మోయడానికే లెక్కకట్టారు. కాబట్టి వేలాడదీయడం వద్దేవద్దని నా మనవి. వేస్తే ఇనుప స్తంభాలమీద, వాటికి వేరే పునాదులతోనే వేయాలి. అడ్డమైతే కాసేపు పక్కకు జరిగి కూర్చుందాం.

మెట్ల సంగతి మన మోకాళ్ళకు తెలుసు. స్థలం కలిసివస్తుందని చుట్టుమెట్లు గీశారు. ప్రజలు వచ్చే భవనంలో మెట్టు ఎత్తు ఆరంగుళాలు మించకూడదు, అడుగు పెట్టే చోటు పన్నెండంగుళాలు ఉండాలి. ఎనిమిది అడుగులు ఎక్కాలంటే పదహారు మెట్లు, పదిహేను అడుగుల పొడవు, మధ్యలో నిలబడే చోటు అదనం. పేపరు చదవడానికి ఇంత ఎక్కేవారు మనలో ఎందరు? నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ల కోసం చేతికర్రతో వచ్చేవారిని తలచుకోండి.

నా సూచన ఇది. బీరువాలు కిందనే గోడవారగా ఉంచుదాం. పైన బల్లలు, కుర్చీలు వేసి పరీక్షలకు చదువుకునే మన మనవలకు, మనవరాళ్ళకు ఇద్దాం. వారి మోకాళ్ళు బాగున్నాయి. చదువుకునే గదికి 300 కిలోల లెక్క సరిపోతుంది, బరువు సగానికి తగ్గుతుంది.

అయినా పురపాలక సంఘం అనుమతి, స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం తప్పనిసరి. నా సంతకం చాలదు, నేను రోడ్లు, కల్వర్టులలోనే ఎక్కువకాలం గడిపినవాణ్ణి. భవనం కట్టినప్పటి డ్రాయింగులు పాత కార్యవర్గం వారి ఇళ్ళలో ఎక్కడైనా ఉంటే దయచేసి తెచ్చి ఇవ్వండి. దొరక్కపోతే ఒకచోట తవ్వి పునాది చూడవలసి ఉంటుంది. అంతవరకు మేస్త్రీగారికి అడ్వాన్సు ఇవ్వవద్దని కార్యవర్గాన్ని కోరుతున్నాను.