ఐదో తరగతిలో ఒక్కటే అవకాశం



బిడ్డను హాస్టల్ బడిలో వేద్దామనుకోగానే మనం అప్పు ఎక్కడ పుడుతుందా అని చూస్తాం. దానికంటే ముందు నవోదయ విద్యాలయం సంగతి తెలుసుకుందాం. అక్కడ 6 నుంచి 12 దాకా చదువు, వసతి, భోజనం ప్రభుత్వానివే. 9 నుంచి కొందరికి మాత్రం నెలకు కొద్ది రుసుము ఉంటుంది.

ప్రవేశ పరీక్ష ఐదో తరగతిలో రాయాలి, అదీ ఒక్కసారే. 80 ప్రశ్నలు, 100 మార్కులు. సగం మార్కులు మేధాశక్తికి, మిగతా సగం లెక్కలకూ భాషకూ.

ఒక మాట గట్టిగా చెబుతున్నాం. సీట్లలో కనీసం 75 శాతం పల్లె పిల్లలకే. 3, 4, 5 తరగతులు పూర్తిగా పల్లె బడిలో చదివి ఉండాలి. మధ్యలో ఒక్కరోజు పట్నం బడికెళ్లినా పట్నం లెక్కే. మన భంజనగర్ ఎన్.ఏ.సి. కూడా పట్నమే. అందుకే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ‘మంచి బడి’ అని బిడ్డను టౌనుకు మార్చేముందు ఆలోచించండి. సూరత్ పనికెళ్లేవాళ్లకూ ఇదే మాట: ఐదో తరగతి ఏ జిల్లాలో చదివితే ఆ జిల్లా నవోదయకే పరీక్ష.

దరఖాస్తుకు డబ్బు కట్టక్కర్లేదు. మన వీధుల్లో నాలుగు, ఐదు చదివే పిల్లలెవరో ఈరోజే పేర్లు రాసుకుందాం. ఫారాలు నింపడానికి కాలేజీ పిల్లలు ముందుకు రావాలి.