పాముల పరిశోధన నుంచి న్యాయస్థానం దాకా : డాక్టర్ లాల్జీ సింగ్ కృషి
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాలలో కరువుభత్యం బకాయిల గురించి, ఆరోగ్య కార్డుల గురించి మాట్లాడుకోవడం పరిపాటి. ఆ సంగతులు కార్యదర్శిగారు ఇప్పటికే చెప్పారు. జంతుశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనవాడిని కనుక, విజ్ఞానానికి సంబంధించి ఒక అరగంట మాట్లాడమని నన్ను కోరారు. నేను ఎన్నుకున్న వ్యక్తి డాక్టర్ లాల్జీ సింగ్. ఆయన తెలుగువారు కారు. కాని ఆయనకు పేరు తెచ్చిన పని మన హైదరాబాదులో, హబ్సిగూడ రోడ్డు మీద ఉన్న సి.సి.ఎం.బి.లో జరిగింది.

మనకు కాగితం విలువ బాగా తెలుసు. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తేగాని మనం బతికి ఉన్నట్టు ట్రెజరీ ఒప్పుకోదు. కుటుంబ పెన్షన్ కావాలంటే ఫలానావారి భార్యనని, ఫలానావారి బిడ్డనని రుజువు చూపాలి. ఆ రుజువు చూపలేని మనిషి గతి ఏమిటి? "ఈ బిడ్డకు తండ్రిని నేను కాను" అని ఒక మగవాడు కోర్టులో నిలబడి అంటే, కాగితమూ సాక్షీ లేని తల్లి ఏం చెయ్యగలదు? ఆమె తరఫున నిలబడగలిగే సాక్ష్యాన్ని మన దేశంలో తయారు చేసినవారు లాల్జీ సింగ్. విచిత్రమేమంటే, ఆయన అందుకోసం బయలుదేరలేదు. పాముల మీద పరిశోధన చేస్తూ అక్కడికి చేరుకున్నారు.

ఆయన 1947 జూలై 5న ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లా కల్వారి గ్రామంలో ఒక రైతు కుటుంబంలో పుట్టారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం చదివి, ప్రొఫెసర్ రే చౌధురి వద్ద పాముల క్రోమోజోముల మీద పరిశోధన చేసి 1971లో డాక్టరేటు పొందారు.

క్రోమోజోములంటే ప్రతి జీవకణంలోనూ ఉండే దారపు పోగుల వంటివి. ఆ దారమే డి.ఎన్.ఏ. మనుషుల్లో ఆడవారికి రెండు ఎక్స్ క్రోమోజోములు, మగవారికి ఒక ఎక్స్, ఒక వై ఉంటాయి. చాలా పాముల్లో ఇది తిరగబడి ఉంటుంది. మగపాముకు రెండు జెడ్‌లు, ఆడపాముకు ఒక జెడ్, ఒక డబ్ల్యూ. కొన్ని పాముల్లో ఈ జెడ్, డబ్ల్యూలు చూడడానికి ఒకేలా ఉంటాయి. కట్లపాము వంటి విషసర్పాలకు వచ్చేసరికి రెంటికీ పోలికే ఉండదు. అంటే ఒకే తీరుగా ఉన్న జంట క్రోమోజోముల నుంచి ఆడ, మగ తేడా క్రమంగా ఎలా ఏర్పడిందో పాముల్లో మెట్టు మెట్టుగా చూడవచ్చన్నమాట. యువ శాస్త్రవేత్తను పట్టుకున్న ప్రశ్న ఇదే. దీనివల్ల రూపాయి లాభం ఉంటుందని ఎవరూ అనుకోలేదు.

1974లో ఆయన కామన్వెల్త్ ఫెలోషిప్ మీద ఎడింబరో విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. అక్కడ కెన్ జోన్స్ అనే శాస్త్రవేత్తతో కలిసి, పసుపు నలుపు పట్టీలుండే కట్లపాము నుంచి ఒక ప్రత్యేకమైన డి.ఎన్.ఏ. భాగాన్ని వేరుచేశారు. దానికి బి.కె.ఎం. అని పేరు పెట్టారు. అది ఆడపాము డబ్ల్యూ క్రోమోజోములో గుట్టగా పోగుపడి ఉంటుంది. జెడ్, డబ్ల్యూలు పైకి ఒకేలా కనిపించే కొన్ని పాముల్లో కూడా ఇటువంటి డి.ఎన్.ఏ. డబ్ల్యూలో చేరి ఉందని ఆయన చూపించారు. అంటే పై రూపం మారకముందే లోపల మార్పు మొదలైందని అర్థం. ఆ తరువాత వెతికితే ఈ బి.కె.ఎం. పాముల్లోనే గాక ఎలుకల్లోనూ, మనుషుల్లోనూ కూడా కనిపించింది.

ఆడ క్రోమోజోములుండీ మగవిగా పుట్టే కొన్ని ఎలుకలున్నాయి. వాటి విషయంలో వై క్రోమోజోము ముక్క ఒకటి ఎక్స్ మీదికి చేరుతోందని బి.కె.ఎం. సాయంతోనే సింగ్, జోన్స్ 1982లో 'సెల్' పత్రికలో రాశారు. పాఠ్యపుస్తకాల్లో చేరదగిన పని అది. అయితే మగ పుట్టుకను నిర్ణయించే అసలు జన్యువు 1990లో వేరొకరి చేతుల్లో బయటపడింది. బి.కె.ఎం. ఆ జన్యువు కాదు. ఆయన వెతికిన ప్రశ్నకు జవాబు మరొకరికి దొరికింది. ఆయన చేతిలో మిగిలిన పనిముట్టు మాత్రం మన దేశానికి పనికివచ్చింది.

ఆ పనిముట్టు సంగతి కొంచెం వివరంగా చెబుతాను. డి.ఎన్.ఏ. అనేది నాలుగే అక్షరాలతో రాసిన అతి పొడవైన రాత. బి.కె.ఎం.లో ముఖ్యంగా ఉండేది జి, ఏ, టి, ఏ అనే నాలుగక్షరాల ముక్క. ఇది జపమాలలో పూసల్లాగా పదేపదే వస్తుంది. ఒక చోట నాకు పది పూసలుంటే మీకు పద్నాలుగు ఉండవచ్చు. ఇటువంటి చోట్లు అనేకం కనుక, అన్నిటినీ కలిపి చూస్తే ఇద్దరి లెక్క ఒకటిగా ఉండడం దాదాపు అసంభవం. ఒకే అండం నుంచి పుట్టిన కవలలు మాత్రమే దీనికి మినహాయింపు. డి.ఎన్.ఏ.ను కత్తిరించి, ముక్కలను పొడవు ప్రకారం పరచి, బి.కె.ఎం.తో గుర్తుపడితే ఎక్స్‌రే ఫిల్ము మీద నిచ్చెన మెట్ల వంటి గీతలు కనిపిస్తాయి. బిడ్డలో కనిపించే గీతల్లో కొన్ని తల్లి నుంచి వచ్చినవి. తల్లిలో లేని గీతలన్నీ తండ్రి నుంచి వచ్చి తీరాలి. ఎదుట నిలబెట్టిన మనిషిలో అవి ఉన్నాయా లేవా అన్నదే పరీక్ష.

ఈ డి.ఎన్.ఏ. వేలిముద్రల విధానాన్ని మొదట కనిపెట్టినవారు ఇంగ్లండులోని లెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన అలెక్ జెఫ్రీస్. అది 1984 నాటి మాట. ఆయన వాడిన పనిముట్టు వేరు. మనం మరొకరి మీద ఆధారపడనక్కరలేకుండా, సొంత పద్ధతిని నిలబెట్టినవారు లాల్జీ సింగ్. 1987లో డాక్టర్ పుష్ప మిత్ర భార్గవ పిలుపు మీద ఎడింబరో విడిచి హైదరాబాదు వచ్చి సి.సి.ఎం.బి.లో చేరారు. ఒకటి రెండేళ్ళలోనే బి.కె.ఎం. ఆధారంగా పరీక్ష సిద్ధమైంది.

మొట్టమొదట కోర్టుకెక్కినది ఒక బిడ్డ కథే. కేరళలోని తలశ్శేరిలో ఒక తల్లి బిడ్డ పోషణకు భరణం కోరింది. అతడు తండ్రిని కానన్నాడు. కోర్టు నమూనాలను హైదరాబాదుకు పంపించింది. సి.సి.ఎం.బి. ఇచ్చిన నివేదికను కోర్టు అంగీకరించింది, 1991లో కేరళ హైకోర్టు కూడా దాన్ని సమర్థించింది. ఎవరి పలుకుబడీ లేని ఒక స్త్రీ మాట నిజమని కట్లపాము నుంచి వచ్చిన పనిముట్టు రుజువు చేసింది. నా దృష్టిలో ఆయన జీవితంలోకెల్లా పెద్ద సంఘటన ఇదే.

దేశమంతా విన్న కేసులు తరువాత వచ్చాయి. 1991 మే 21న శ్రీపెరంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య జరిగినప్పుడూ, 1995లో ఢిల్లీలో నైనా సహానీ హత్య జరిగినప్పుడూ, గుర్తుపట్టలేని అవశేషాలు ఎవరివో తేల్చడానికి హైదరాబాదు పరీక్షలే తోడ్పడ్డాయి. ఈ పని పెరగడంతో 1990ల నడుమ సి.డి.ఎఫ్.డి. అనే ప్రత్యేక సంస్థ హైదరాబాదులోనే ఏర్పడింది. దానిని నిలబెట్టే బాధ్యత మొదట ఆయనకే అప్పగించారు. నేడు ప్రయోగశాలల్లో వాడే పద్ధతి మారింది. చిన్న నమూనా నుంచి డి.ఎన్.ఏ.ను పెంచి, కొన్ని ఎంపిక చేసిన చోట్లను లెక్కపెడతారు. ఆ చోట్లు కూడా నాలుగక్షరాల పూసల వంటివే.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. పరీక్ష ఎంత గొప్పదైనా, నమూనా సరిగా తీసి, సీలు వేసి, సరిగా పంపినప్పుడే దానికి విలువ. బిడ్డ పుట్టుక మీద అనుమానం పుట్టినప్పుడల్లా రక్తపరీక్షకు ఆజ్ఞాపించకూడదని సుప్రీంకోర్టు 1993లోనే హెచ్చరించింది. అది సబబైన మాట. ఈ సాధనం తల్లిని ఆదుకోవడానికి ఉండాలిగాని, అవమానించడానికి కాదు.

1998 నుంచి 2009 వరకు లాల్జీ సింగ్ సి.సి.ఎం.బి. డైరెక్టరుగా ఉన్నారు. అత్తాపూర్‌లో వన్యప్రాణుల సంరక్షణకు 'లాకోన్స్' ప్రయోగశాల ఆయన చొరవతో వచ్చింది. వేటగాళ్ళ వద్ద పట్టుబడిన మాంసం ఏ జంతువుదో తేల్చే పద్ధతిని కూడా ఆయన బృందం తయారు చేసింది. మాంసాన్ని చూసి అది జింకదా, మేకదా అని వాదించుకునే రోజులు దానితో పోయాయి.

ఇక మన అందరి ఇళ్ళకూ సంబంధించిన సంగతి. అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి లాల్జీ సింగ్, డాక్టర్ తంగరాజ్ ప్రభృతులు 2009లో 'నేచర్' పత్రికలో ఒక పరిశోధన ప్రకటించారు. దేశంలోని 25 సముదాయాలకు చెందిన 132 మందిని పరీక్షించారు. మన తెలుగు సముదాయాలు కూడా అందులో ఉన్నాయి. మనలో చాలామంది రెండు ప్రాచీన జనసమూహాల కలయిక వల్ల ఏర్పడినవారమని, పాళ్ళు మాత్రమే తేడా అని అందులో తేలింది. తరువాత వచ్చిన ప్రాచీన డి.ఎన్.ఏ. పరిశోధనలు ఈ చిత్రాన్ని ఇంకొంత సవరించాయి. కాని మరో ముఖ్యమైన మాట నిలిచింది. తరతరాలుగా లోపలి సంబంధాలే చేసుకున్న సముదాయాల్లో కొన్ని వంశపారంపర్య లోపాలు నిలిచిపోతాయి.

దీనికి మన ప్రాంతంలోనే ఉదాహరణ ఉంది. వైశ్య సముదాయంలో కొందరికి ఒక ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉంటుంది. మామూలుగా వారికి ఏ ఇబ్బందీ ఉండదు. ఆపరేషన్‌కు మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు సడలడానికి వాడే ఒక మందు మాత్రం వారిలో త్వరగా విరగదు. ఊపిరి తనంతట తాను తీసుకోవడానికి చాలాసేపు పడుతుంది. ముందే తెలిస్తే డాక్టరు వేరే మందు వాడతారు, అంతటితో ప్రమాదం తప్పుతుంది. ఇది ఎవరికీ చిన్నతనం కాదు. ఇటువంటిదే ఏదో ఒకటి ప్రతి సముదాయంలోనూ ఉండవచ్చు. 2009లోనే సి.సి.ఎం.బి. బృందం గుండె కండరానికి సంబంధించిన ఒక జన్యులోపాన్ని ప్రకటించింది. మన ఉపఖండంలో నూటికి నలుగురిలో అది ఉందని అంచనా. వయసు పైబడేకొద్దీ దాని ప్రభావం బయటపడుతుంది.

కనుక ఈ సభ నుంచి రెండు మాటలు ఇంటికి తీసుకువెళ్ళమని కోరుతున్నాను. మీ రక్తసంబంధీకుల్లో ఎవరికైనా మత్తు తరువాత ఊపిరి అందడం ఆలస్యమై ఉంటే, చిన్న వయసులోనే గుండె జబ్బు వచ్చి ఉంటే, ఆ సంగతి ఒక కాగితం మీద రాసి పిల్లలకు ఇవ్వండి. ఆపరేషన్‌కు ముందు డాక్టరుకు చూపించమనండి. రెండవది, మేనరికం చేసుకునే ఇళ్ళలో వంశంలో ఉన్న జబ్బులను దాచిపెట్టకుండా ముందే డాక్టరుతో మాట్లాడండి.

పదవీ విరమణ చేసినవారం గనుక ఇంకొక్క విషయం. లాల్జీ సింగ్ డైరెక్టరు పదవి విడిచాక విశ్రాంతి తీసుకోలేదు. తాను చదివిన కాశీ విశ్వవిద్యాలయానికి 2011 నుంచి 2014 వరకు ఉపకులపతిగా పనిచేశారు. ఆ పదవికి జీతంగా ఒక్క రూపాయి మాత్రమే తీసుకున్నారు. జన్యుసంబంధమైన జబ్బులను గుర్తించే సౌకర్యం పల్లెల్లోని పేదలకు అందాలని జీనోమ్ ఫౌండేషన్ స్థాపించి, తన సొంత ఊరు కల్వారిలో కూడా ఆ పని సాగించారు. ఊరికి వెళ్ళి తిరిగి వస్తూ వారణాసి విమానాశ్రయంలో గుండెపోటుకు గురై, 2017 డిసెంబరు 10న కన్నుమూశారు. ఆయనను హైదరాబాదుకు రప్పించిన భార్గవగారు కూడా అదే సంవత్సరం ఆగస్టులో మనకు దూరమయ్యారు.

మన మనవలు, మనవరాళ్ళు ఏదో ఒక వింత విషయం మీద పరిశోధన చేస్తామంటే "దానివల్ల ఉద్యోగం వస్తుందా?" అని అడగడం మనకు అలవాటు. అడగడంలో తప్పు లేదు, వారి బాగు కోరే అడుగుతాం. కాని పాము క్రోమోజోములు చూస్తానన్న కుర్రవాడిని 1966లో ఎవరైనా మాన్పించి ఉంటే తలశ్శేరి తల్లికి సాక్షి ఉండేవాడు కాదు. ఈ సంగతి గుర్తుంచుకుని అడుగుదాం.