చేతి జీపీఎస్‌లోకి ఒకేసారి

జీపీఎస్ సంకేతాల్లో కావాలని కలిపిన తేడాను అమెరికా 2000 మే నెల మొదట్లో తీసేసింది. మే 3నే డేవ్ అల్మర్ అనే ఆయన ఒరెగాన్‌లో ఒక బకెట్ దాచి, అక్షాంశ రేఖాంశాలిచ్చి వెతుక్కోమన్నాడు. జియోక్యాషింగ్ ఆట అలా పుట్టింది.

మన హొళగుంద నుంచి ఆ ఆట ఆడాలంటే చోట్లకు కొదవా? దేవరగట్టు కొండ, ఆదోని కోట, జొన్నగిరి దగ్గరి అశోకుడి శాసనాలు ఉండనే ఉన్నాయి. శాసనాల దగ్గర డబ్బాలు దాచడం మాత్రం వద్దు, చూసి వస్తే చాలు.

ఒక్కో చోటి అక్షాంశ రేఖాంశాలను చేతి జీపీఎస్ పరికరంలో మీటలు నొక్కి ఎక్కిస్తే పొద్దుపోతుంది. కంప్యూటర్‌లో అన్నిటినీ, జీపీఎస్ చోట్లు ఉంచే ఒకే జీపీఎక్స్ ఫైలుగా చేసుకోండి. పరికరాన్ని యూఎస్‌బీ తీగతో కలిపితే పెన్‌డ్రైవ్‌లా తెరుచుకుంటుంది. గార్మిన్ పరికరమైతే అందులో గార్మిన్ ఫోల్డరు, దాని లోపల జీపీఎక్స్ ఫోల్డరు ఉంటాయి. ఫైలును అక్కడ వేసి, ఎజెక్ట్ నొక్కాకే తీగ లాగండి. లేదంటే ఫైలు చెడిపోవచ్చు.

అసలు చిక్కు అంకెల్లో ఉంది. 15.50 డిగ్రీలంటే 15 డిగ్రీల 30 నిమిషాలు. దాన్ని 15 డిగ్రీల 50 నిమిషాలుగా ఎక్కించారో, దాదాపు 37 కిలోమీటర్లు ఉత్తరానికి పోతారు! అందుకే ఎక్కించగానే మ్యాప్ తెరిచి, తెలిసిన ఊళ్ల పక్కనే చుక్కలు పడ్డాయో లేదో చూడండి.

చాలా పరికరాలు రెండు పెన్సిల్ సెల్లతో నడుస్తాయి, ఆ సెల్లు ఏ అంగట్లోనైనా దొరుకుతాయి. దేవరగట్టుకు దసరా బన్ని ఉత్సవంలో కర్రల సమరం జరిగే రాత్రి మాత్రం పోకండి. ఆ కర్రల మధ్య డబ్బా ఎవరు వెతుకుతారు?