చీఫ్ సంతకం అక్కర్లేని చోటు

(యువ వైద్యుల అంతర్జాతీయ నెట్‌వర్క్‌లను నడపడం గురించి, మహిళా డాక్టర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డాక్టర్ల సమావేశానికి డాక్టరు కాని మనిషిని పిలిచారు. నా పేరు ముందు డాక్టరు అని ఉన్న మాట నిజమే గానీ అది సోషియాలజీలో వచ్చింది. ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తే దానివల్ల నయాపైసా ప్రయోజనం లేదు. నేను ఇన్నేళ్లూ చదివింది సంస్థల్లో జరిగే శ్రమ విభజన గురించి. ఏ పనికి పేరొస్తుంది, ఏ పని ఎవరి కంటా పడకుండా జరిగిపోతుంది, ఆ కంటబడని పని చేసేవాళ్లలో ఆడవాళ్లు ఎంతమంది అన్నవి నా ప్రశ్నలు. మీలో కొందరు యువ వైద్యుల అంతర్జాతీయ నెట్‌వర్క్‌లలో ఇప్పటికే పనిచేస్తున్నారు, ఇంకొందరు చేరాలనుకుంటున్నారు. కాబట్టి వాటిని నడపడం గురించే మాట్లాడతాను.

ముందు పేరు సంగతి. మన దగ్గర వీళ్లందరికీ కలిపి ‘జూడాలు’ అని పేరు. ఆ మాట వినగానే ఆస్పత్రి గేటు ముందు టెంటు వేసుకుని స్టైపెండ్ కోసం ధర్నా చేస్తున్న పిల్లలు గుర్తొస్తారు. ఆ ‘పిల్లల్లో’ ముప్పై రెండేళ్లవాళ్లుంటారు, బాలింతలుంటారు, రాత్రి రెండింటికి సిజేరియన్ చేసి పొద్దున ఎనిమిదింటికి రౌండ్స్‌లో తిట్లు తిన్నవాళ్లుంటారు. జూనియర్ అన్న మాట తమ అనుభవాన్ని చిన్నబుచ్చుతోందని బ్రిటన్‌లో డాక్టర్లు పట్టుబడితే 2024 సెప్టెంబరులో అక్కడ ‘రెసిడెంట్ డాక్టర్’ అని మార్చారు. ప్రపంచ వైద్య సంఘం లెక్కలో, పట్టా పుచ్చుకుని పదేళ్లు దాటనివాళ్లు, లేదా ఇంకా పీజీ శిక్షణలో ఉన్నవాళ్లు జూనియర్లు. ఆడదాని జీవితంలో ఆ పదేళ్లు ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. పెళ్లి, కాన్పు, పీజీ సీటు, ఉద్యోగం, అన్నీ కలిసి అప్పుడే మీద పడతాయి.

ఈ ప్రపంచ వైద్య సంఘం 1947లో పారిస్‌లో పుట్టింది. నాజీల కాలంలో వైద్యులు చేసిన ఘోరాలు బయటపడ్డాక, 1948లో జెనీవా ప్రకటన పేరుతో వైద్యుల ప్రమాణాన్ని రాసింది. అందులో తోటి వైద్యులు నాకు సోదరులని ఉండేది. సోదరీమణులు చాలా ఏళ్ల తర్వాత గానీ వచ్చి చేరలేదు. ఆ సంఘానికి మొదటి మహిళా అధ్యక్షురాలిగా ఆస్ట్రేలియాకు చెందిన ప్రిసిల్లా కిన్‌కెయిడ్ స్మిత్ 1994లో వచ్చారు. నలభై ఏడేళ్లు పట్టింది. మహిళా వైద్యులు మాత్రం అన్నాళ్లు ఆగి కూర్చోలేదు. అంతకు చాలా ముందే, 1919లోనే, న్యూయార్క్‌లో తమ అంతర్జాతీయ సంఘం పెట్టుకున్నారు. ఉత్తరాలు ఓడల్లో వెళ్లే రోజుల్లో దాన్ని నడిపారంటే దాని వెనక ఎంత రాతపని ఉండి ఉంటుందో ఊహించుకోండి.

యువ వైద్యుల నెట్‌వర్క్ 2010 అక్టోబరులో, వాంకూవర్‌లో జరిగిన ప్రపంచ వైద్య సంఘం మహాసభలో ఆ సంఘంలో భాగంగానే ఏర్పడింది. ఇలాంటివి ఇంకా ఉన్నాయి. యూరప్‌లో యువ డాక్టర్లు 1976 నుంచే కలిసి పనిచేస్తున్నారు. ఫ్యామిలీ డాక్టర్ల ప్రపంచ సంస్థ వోంకాలో ప్రాంతానికొక యువ బృందం ఉంది. మన దక్షిణాసియా బృందం పేరు ‘స్పైస్ రూట్’. మిరియాలు, ఏలకులు వెళ్లిన దారిలో ఇప్పుడు డాక్టర్లు వెళ్తున్నారు. పేరు నాకు నచ్చింది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ప్రపంచ వైద్య సంఘంలో సభ్యత్వం దేశాల వైద్య సంఘాలది. మన దేశం నుంచి ఇండియన్ మెడికల్ అసోసియేషన్. ఆ సంఘాలను నడిపేదెవరు? ఎక్కువగా పేరున్న సీనియర్లు, ప్రొఫెసర్లు, సొంత ఆస్పత్రుల యజమానులు. యువ వైద్యుల నెట్‌వర్క్‌లో చేరేది మాత్రం విడివిడి మనుషులు. అంటే ఒక పీజీ అమ్మాయి తన పేరుతో తాను చేరుతుంది, కానీ ఆమె చేరిన ఇంటి పైకప్పు ఆమె చీఫ్‌ల సంఘాలది. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే తక్కినవన్నీ అర్థమవుతాయి.

మెడికల్ కాలేజీలో పీజీ అమ్మాయికి ఎన్ని సంతకాలు కావాలో ఒకసారి లెక్కపెట్టండి. సెలవుకు హెచ్‌ఓడీ సంతకం. లాగ్‌బుక్‌కు యూనిట్ చీఫ్ సంతకం. థీసిస్‌కు గైడ్ సంతకం. చాలా చోట్ల ఈ మూడూ ఒకే చెయ్యి పెడుతుంది. ఆ చెయ్యే ఆపరేషన్ థియేటర్లో అవసరం లేకుండా ఆమె నడుం మీద పడిందనుకోండి, ఎవరికి చెప్పాలి? 2013 చట్టం ప్రకారం పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి, మూడు నెలల్లోగా ఫిర్యాదు ఇవ్వాలి, తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. పీజీ చదువు మూడేళ్లు. చట్టం ఇచ్చిన గడువుకూ థీసిస్ గడువుకూ మధ్య ఇరుక్కుపోయిన అమ్మాయిలు నాకు తెలుసు. వాళ్లలో ఒకామె నాతో చెప్పింది: “మేడమ్, కమిటీ ఛైర్‌పర్సన్ మా సార్ వాళ్ల బ్యాచ్‌మేట్. అందుకని ఎప్పుడూ చూడని దేశంలో ఉన్న ఒక డాక్టరమ్మకు రాత్రి మెయిల్ రాశాను.” ఆ డాక్టరమ్మతో ఈమెకు పరిచయం, ఒక నెట్‌వర్క్‌లో పనిగంటల మీద జరిగిన చర్చలో.

ఆ జవాబు గురించి చెప్పాలి. అవతలి ఆమె సలహాలు గుప్పించలేదు. ఈమె రాసింది తన దగ్గరే ఉంచుకుంది, తేదీలతో సహా డైరీలో రాసి పెట్టుకోమంది, ఈమె ఒప్పుకోకుండా ఎవరికీ పంపనని మాటిచ్చింది. తర్వాత ఈమె కమిటీకి వెళ్లినప్పుడు ఆ తేదీలే పనికొచ్చాయి. నెట్‌వర్క్‌కు ఎవరినీ సస్పెండ్ చేసే అధికారం లేదు, విచారణ చేసే హక్కు లేదు, లాయరు ఫీజు కట్టే డబ్బూ లేదు. చీఫ్ సంతకం లేకుండా ఒక మాట బయటికి పోగల దారి మాత్రం ఉంది. నడిపేవాళ్లు కాపాడవలసింది ముందు ఆ దారిని. అమ్మాయి రాసిన ఉత్తరాన్ని ‘తగిన చర్యల నిమిత్తం’ ఆమె దేశపు సంఘానికి పంపించేశారనుకోండి, అది మూడు రోజుల్లో తిరిగి ఆ చీఫ్ టేబుల్ మీదికే వస్తుంది. మర్యాదస్తులైన కార్యదర్శులే ఈ పని చేస్తారు, నిబంధన ప్రకారం నడుచుకున్నామనుకుంటూ. అందుకని ఉత్తరాలు ఎవరు చూడాలి, ఎక్కడ దాచాలి, ఎవరి అనుమతితో కదలాలి అన్నది సంఘం పెట్టిన మొదటి నెలలోనే రాసుకోండి. ఏదో జరిగాక రాసుకునే నియమం ఎవరినో ఒకరిని కాపాడడానికే తయారవుతుంది.

2024 ఆగస్టు 9ని ఇక్కడ ఎవరమూ మరిచిపోలేదు. కోల్‌కతా ఆర్.జి.కర్ ఆస్పత్రి సెమినార్ హాల్లో, సుదీర్ఘమైన డ్యూటీ మధ్య విశ్రాంతి తీసుకుంటున్న ట్రైనీ డాక్టరు మీద అత్యాచారం చేసి చంపారు. డాక్టరు నడుం వాల్చడానికి ఒక గది, గదికి ఒక గడియ లేవన్న సంగతి దేశమంతటికీ అప్పుడు తెలిసింది. సుప్రీంకోర్టు తనంతట తానే కేసు తీసుకుని ఆగస్టు 20న జాతీయ టాస్క్‌ఫోర్స్ వేసింది. అందులో పెద్ద డాక్టర్లు, అధికారులు ఉన్నారు గానీ రెసిడెంట్ల ప్రతినిధి లేరు. మా మాటేమిటని అడిగితే, టాస్క్‌ఫోర్స్ వాళ్ల అభిప్రాయాలూ వింటుందని కోర్టు చెప్పింది. రాత్రంతా మేలుకునేవాళ్లు వచ్చి విన్నవించుకోవాలి, కుర్చీలో కూర్చునేది వేరేవాళ్లు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన లెక్క కూడా ఇదే చెబుతుంది. ఆరోగ్య, సంరక్షణ రంగంలో పనిచేసేవాళ్లలో దాదాపు 70 శాతం స్త్రీలు, పై పదవుల్లో 25 శాతమే. ఆ 70 శాతంలో డాక్టర్ల కంటే నర్సులు, ఆయాలు ఎక్కువ అన్నది కూడా గుర్తుంచుకోండి. అదే వరండాలో, అదే రాత్రి, వాళ్లూ ఉంటారు, వాళ్లకు ఇలాంటి నెట్‌వర్క్ చాలాచోట్ల లేదు.

పనిగంటల విషయంలో దేశాల మధ్య కబుర్లకు నిజమైన విలువ ఉంది. మన కేంద్ర ప్రభుత్వం 1992లోనే రెసిడెంట్ల డ్యూటీ ఏకబిగిన 12 గంటలు మించకూడదని, మామూలుగా వారానికి 48 గంటలని, వారానికొక సెలవు ఉండాలని ఉత్తర్వు ఇచ్చింది. 2023లో జాతీయ వైద్య కమిషన్ పీజీ నిబంధనలు రాస్తూ ‘సముచితమైన పనిగంటలు’ అంది. అంకె మాయమై విశేషణం వచ్చింది. ఎవరికి సముచితం? యూరప్‌లో కథ ఇంకోలా నడిచింది. 1993 నాటి పనిగంటల చట్టం శిక్షణలో ఉన్న డాక్టర్లను పక్కన పెట్టింది. 2000లో సవరించి వాళ్లనూ చేర్చారు, 2004 నుంచి దశలవారీగా తగ్గిస్తూ 2009కి సగటున వారానికి 48 గంటలకు తెచ్చారు. ఈలోగా 2000లో స్పెయిన్‌లో వాలెన్సియా ప్రాంతపు డాక్టర్ల యూనియన్ వేసిన కేసులో, 2003లో జర్మనీ డాక్టరు ఒకరు వేసిన కేసులో, ఆస్పత్రిలో ఉండి తీరాల్సిన ఆన్‌కాల్ సమయమంతా పనిగంటలేనని యూరోపియన్ కోర్టు తేల్చింది. డాక్టరు అక్కడ పడుకుని నిద్రపోయినా అది పనే. ఆ తీర్పులు నెట్‌వర్క్‌లు తెచ్చినవి కావు, కోర్టుకెక్కిన డాక్టర్లు, వాళ్ల యూనియన్లు తెచ్చినవి. వాటిని మన డ్యూటీ రూము దాకా మోసుకొచ్చే పని నెట్‌వర్క్‌ది. 2017లో చికాగోలో జెనీవా ప్రమాణాన్ని సవరించినప్పుడు వైద్యుడు తన ఆరోగ్యాన్నీ చూసుకుంటానన్న మాట చేరింది. గురువులకే పరిమితమైన గౌరవం సహచరులకు, విద్యార్థులకు కూడా దక్కింది. ఈ మాట మన హెచ్‌ఓడీలలో ఎంతమందికి చేరిందో మీరే చెప్పాలి.

ఇక రోజువారీ నడిపించడం. జెనీవాలో వేసవి సాయంత్రం ఎనిమిదింటికి మీటింగ్ పెడితే మనకు రాత్రి పదకొండున్నర, సియోల్ వాళ్లకు తెల్లవారుజామున మూడు. లిమాలో మధ్యాహ్నం ఒంటిగంట, అంటే ఓపీ సమయం. ఏ గంట పెట్టినా ఎవరో ఒకరి నిద్ర పోతుంది, సరే. ఏడాది పొడుగునా అదే మనుషుల నిద్ర పోతోందా అన్నది చూడాలి. నేను గమనించినంతవరకు, గంట నిర్ణయించేది ఎవరికి డ్యూటీ మార్పించుకునే వీలుందో వాళ్లు. గడియారాన్ని వంతులవారీగా తిప్పే నెట్‌వర్క్‌లు ఉన్నాయి, అవి కాస్త నయం.

మినిట్స్ ఎవరు రాస్తారో కూడా చూడండి. వేదిక మీద ప్రసంగించే పదవికి పోటీ ఉంటుంది. మినిట్స్ రాసి, మూడుసార్లు గుర్తు చేసి, సభ్యుల జాబితా సరిచేసి, వీసా ఉత్తరాలు టైపు చేసే పదవికి “అమ్మాయిలైతే పద్ధతిగా చేస్తారు” అంటారు. ఇంట్లో పప్పుడబ్బాలో పప్పు అయిపోయిందని ఎవరికి తెలుస్తుందో, సంఘంలో కొత్త సభ్యురాలికి జవాబు వెళ్లలేదని వాళ్లకే తెలుస్తుంది. ఈ పని లేకపోతే నెట్‌వర్క్ నెలరోజులు నిలవదు. బయోడేటాలో మాత్రం దీనికి ఒక్క లైను రాదు. అధ్యక్షుడు కూడా ఏడాదిలో రెండు మీటింగుల మినిట్స్ రాయాలని నియమం పెట్టండి. ఎంత త్వరగా మీటింగులు క్లుప్తమవుతాయో చూద్దురు గాని.

డబ్బు సంగతి చెప్పకుండా పోలేను. ఈ పదవులకు సాధారణంగా జీతం ఉండదు. మహాసభకు వెళ్లాలంటే టికెట్, వీసా, హోటలు, వాటన్నిటికంటే ముందు హెచ్‌ఓడీ ఇచ్చే సెలవు. మళ్లీ అదే సంతకం! అందుకే యూరప్ నగరాల్లో జరిగే సభల్లో ‘గ్లోబల్’ అన్న బ్యానరు కింద యూరప్ వాళ్లే ఎక్కువ కనిపిస్తారు. మన నుంచి వెళ్లేవాళ్లు కూడా ఇంట్లో డబ్బు, ఇంగ్లీషు బడి, అడ్డుచెప్పని అత్తమామలు ఉన్నవాళ్లు. ఊరి నుంచి వచ్చి రిజర్వేషన్‌లో సీటు తెచ్చుకున్న దళిత అమ్మాయి డ్యూటీ రూములో పడే అవమానం ఆ సభల్లో ‘వైవిధ్యం’ అన్న ఒక స్లయిడుగా మారిపోతుంది. పంపే ఖర్చు ఉంటే ముందు ఆమెకు పెట్టండి. ఇంగ్లీషు తడబడితే పక్కన ఒకరు కూర్చుని అనువదిస్తారు, ప్రపంచ సభల్లో అందరికీ అదే చేస్తున్నారు గదా.

ఇంకొక్కటి. ఈ నెట్‌వర్క్‌లలో మనుషులు నిలవరు, నిలవకూడదు కూడా. పదేళ్లు దాటితే సభ్యత్వమే పోతుంది. కార్యవర్గం మారినప్పుడల్లా పాస్‌వర్డులు, పరిచయాలు, సగం నడిచిన ఫిర్యాదులు పాతవాళ్లతో పాటే వెళ్లిపోతాయి. అప్పగింతకు ఒక నెల కేటాయించి, పాత కార్యదర్శి, కొత్త కార్యదర్శి పక్కపక్కన కూర్చుని పనిచేసే పద్ధతి పెట్టుకోండి. మీ మహిళా సంఘాల్లో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు, రిజిస్టర్లు ఎవరింటి అటక మీదో ఉండిపోయి ఎన్ని సంఘాలు మూతబడ్డాయో.

1992 ఉత్తర్వు, 2023 నిబంధనలు, 2013 చట్టంలో ఫిర్యాదు భాగం, వీటిని తేలిక తెలుగులో అచ్చువేసి ప్రతి కాలేజీ లేడీస్ హాస్టల్‌కు చేర్చాలని ఉదయం చర్చలో ఎవరో అన్నారు. అనువాదం నేను చేస్తాను. చట్టం మాటలు సరిచూడడానికి ఒక లాయరు, ఏ వార్డులో ఏ పదం వాడతారో చెప్పడానికి ఇద్దరు పీజీలు కావాలి. నైట్ డ్యూటీ లేనివాళ్లు పేర్లిచ్చి వెళ్లండి.