గుండమ్మకు గీత

గుండమ్మను ఎరుగని శ్రోతలుండరు. 1962లో కమలాకర కామేశ్వరరావు దర్శకత్వమున వెలువడిన ‘గుండమ్మకథ’ మాకు ప్రాణము. శ్రీకాకుళం రోడ్డు స్టేషనున్న మా ఆమదాలవలసలో మేము తొలుత గీసిన వ్యంగ్యచిత్రము ఆమెదే. మంచమునకు మించిన దేహమును గీసితిమి. ఇంటిల్లిపాదియు నవ్విరి, మేనత్త మాత్రము నవ్వలేదు. “ఒళ్ళు లావైతే నా తప్పేటి నాయనా?” అని లోనికి పోయెను.

మాకు సిగ్గు కలిగెను. సినిమాను మరల చూచితిమి. సూర్యకాంతము మనలను నవ్వించునది దేహముచేత కాదు. ఎడమచేయి విసరుచు ఆడు మాటచేత, సవతి కూతురు లక్ష్మిచే చాకిరి చేయించి కన్నకూతురు సరోజను గారాబము చేయు పక్షపాతముచేత, పనివానిగా చేరిన అంజిని సంపన్నుడని గుర్తింపలేని అమాయకత్వముచేత. రూపము దైవదత్తము, నడత మనము తెచ్చుకొన్నది. వ్యంగ్యమునకు తగినది నడతయే.

మరల గీసితిమి. ఒకవైపు పొత్రము పట్టిన లక్ష్మి, వేరొకవైపు అద్దము పట్టిన సరోజ, నడుమ గాలిలో ఒక ఎడమచేయి. గుండమ్మ దేహము లేనేలేదు.

మేనత్త చాలసేపు చూచి ఫక్కున నవ్వెను. “ఇది మా అత్త చెయ్యే గదరా!”