దినార్ విలువ, ప్రజల వాటా

(ప్రసంగ పాఠం)



ఇరాక్ రాజకీయాలపై మాట్లాడమని నిర్వాహకులు కోరినప్పుడు ఏ వైపు నుంచి మొదలుపెట్టాలో మేము కొంత ఆలోచించవలసి వచ్చింది. యుద్ధం వైపు నుంచి మొదలుపెడితే కన్నీళ్ల దగ్గరే ఆగిపోతాము. మతవర్గాల వైపు నుంచి మొదలుపెడితే షియా, సున్నీ వాదం లేచి అసలు సంగతి మరుగున పడుతుంది. కాబట్టి ఆ దేశపు నోటుతో మొదలుపెడతాము. కర్బలా, నజఫ్ జియారత్‌కు వెళ్లివచ్చిన హైదరాబాదు కుటుంబాలకు ఆ నోటు తెలుసు. ఎర్బిల్‌కు పనికి వెళ్లిన నిజామాబాద్, జగిత్యాల యువకులకూ తెలుసు. దాని విలువ ఒక్క రాత్రిలో వేల రెట్లు పెరుగుతుందని, ఇవాళ కొని దాచుకున్నవారు రేపు కోటీశ్వరులవుతారని ఇరవై ఏళ్లుగా దేశదేశాలలో ఒక ప్రచారం సాగుతున్నది. అమెరికాలో ఎందరో సామాన్యులు 25,000 దినార్ల నోట్లు కొని భద్రంగా దాచుకున్నారు. ఏ దేశాన్ని తమ ప్రభుత్వం బాంబులతో కూల్చిందో, ఆ దేశపు కాగితంపైనే ఆశ పెట్టుకున్నారు! ఈ ఆశ ఎక్కడ పుట్టింది, అది ఎందుకు నెరవేరదు, ఇరాక్ ప్రజలు నిజంగా కోరుతున్నది ఏమిటి అనేదే ఈనాటి మా విషయం.

ఆశకు మూలం ఒక జ్ఞాపకం. 1980వ దశకంలో ఒక దినార్ అధికారిక విలువ మూడు డాలర్లకు పైమాటే. ఇరాన్‌తో ఎనిమిదేళ్ల యుద్ధం ఖజానాను ఖాళీ చేసింది. 1990 ఆగస్టు 2న సద్దాం హుసేన్ కువైట్‌పై దండెత్తాడు. నాలుగు రోజులకే భద్రతా మండలి 661వ తీర్మానంతో ఆర్థిక ఆంక్షలు వచ్చిపడ్డాయి. చమురు అమ్ముకునే దారి మూసుకుపోగా ప్రభుత్వం నోట్లు అచ్చువేస్తూ పోయింది. 1995 చివరికి బజారులో ఒక డాలరుకు సుమారు 3,000 దినార్లు ఇవ్వవలసి వచ్చింది. ఉపాధ్యాయుని నెల జీతం కొద్ది డాలర్లకు దిగజారింది. బాగ్దాద్‌లోని ముతనబ్బీ వీధిలో విద్యావంతులు తమ సొంత గ్రంథాలయాలను నేలపై పరచి అమ్ముకున్నారు.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు సాగుతాము. ఆ రోజులలో మన దేశంలో ఎందరో తల్లిదండ్రులు తమ బిడ్డలకు సద్దాం అని పేరు పెట్టుకున్నారు. అమెరికాను ఎదిరించినవాడనే అభిమానం అది; దాన్ని మేము ఎగతాళి చేయము. అయితే 1988 మార్చిలో హలబ్జాలో విషవాయువుతో వేలాది కుర్దు ముస్లింలను చంపినది ఆ పాలనే అన్న సంగతి కూడా అంతే నిజం. ఇరాక్ దుఃఖాన్ని గురించి మాట్లాడేవారు ఒక దోషిని చూపి మరొక దోషిని దాచకూడదు.

2003 మార్చిలో అమెరికా, బ్రిటన్ సేనలు ప్రవేశించాయి. ఆ ఏడు జూలైలో 25 మందితో పాలక మండలి ఏర్పడింది. అందులో 13 మంది షియాలు, ఐదుగురు సున్నీ అరబ్బులు, ఐదుగురు కుర్దులు, ఒక తుర్క్‌మెన్, ఒక అస్సీరియన్ క్రైస్తవుడు. లెక్క ఎంత కచ్చితంగా కుదిరిందంటే, ఇరాక్ కమ్యూనిస్టు పార్టీ నాయకుణ్ణి సైతం షియా వాటాలోనే జమకట్టారు. ఈ పంపకానికి ఇరాకీలు పెట్టిన పేరు ‘ముహాససా’. వాటాల పంపకం అని అర్థం. ప్రధాని షియా, అధ్యక్షుడు కుర్దు, సభాపతి సున్నీ అన్న ఆనవాయితీ క్రమంగా స్థిరపడింది. వినడానికి ఇది న్యాయంగానే ఉంటుంది. ప్రతి వర్గానికి చోటు దొరికింది కదా అనిపిస్తుంది. కానీ చోటు దక్కింది వర్గాలకు కాదు, ఆ వర్గాల పేరు చెప్పుకునే పార్టీలకు. మంత్రిత్వ శాఖ అంటే ఆ పార్టీకి వచ్చిన జాగీరు. ఆ శాఖ ఉద్యోగాలు, కాంట్రాక్టులు, కమీషన్లు అన్నీ ఆ జాగీరు ఆదాయమే. ఒక పార్టీ దొంగతనాన్ని మరొక పార్టీ బయటపెట్టదు, ఎందుకంటే దాని శాఖ లెక్కలూ బయటపడతాయి. మంత్రిని ప్రశ్నిస్తే మా వర్గంపై దాడి అని కేకలు మొదలవుతాయి.

ఈ విద్య నేర్పిన తొలి గురువులు ఎవరో కూడా చెప్పుకోవాలి. ఆక్రమణ పాలన నడిచిన 2003–04లో న్యూయార్క్ నుంచి విమానాలలో సుమారు 1,200 కోట్ల డాలర్ల నగదు బాగ్దాద్ చేరింది. బరువు 363 టన్నులు. అదంతా ఇరాక్ ప్రజల సొమ్మే. ఆ పాలన ఇరాకీ శాఖల చేతికిచ్చిన 880 కోట్ల డాలర్ల వ్యయంపై తగిన పర్యవేక్షణ లేదని 2005లో అమెరికా ప్రభుత్వపు ప్రత్యేక తనిఖీ అధికారే తేల్చారు.

తరువాతి కథ ఇరాకీ నాయకులు స్వయంగా రాసుకున్నదే. 50,000 మంది సైనికులు కాగితంపై మాత్రమే ఉండి జీతాలు తీసుకుంటున్నారని 2014లో ప్రధాని అబాదీ ప్రకటించారు. అప్పటికి మోసుల్ చేజారి ఆరు నెలలు. బాంబులను పసిగట్టే యంత్రాలని చెప్పి ఒక బ్రిటిష్ వ్యాపారి పనికిరాని ప్లాస్టిక్ పిడులను కోట్ల డాలర్లకు అంటగట్టాడు. వాటిని పట్టుకుని బాగ్దాద్ చెక్‌పోస్టులలో సిపాయిలు నిలబడగా, వారిని దాటుకుంటూ బాంబుల కార్లు వెళ్లాయి. ఆ వ్యాపారికి 2013లో లండన్‌లో పదేళ్ల శిక్ష పడింది. లంచం తిన్న ఇరాకీ అధికారీ జైలుకు వెళ్లాడు. చనిపోయినవారి మాట ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు దినార్ దగ్గరకు వస్తాము. ఇది కొంచెం ఓపికతో వినవలసిన భాగం.

ఇరాక్ ప్రభుత్వ ఆదాయంలో 90 శాతానికి పైగా చమురు నుంచే వస్తుంది. చమురును డాలర్లకు అమ్ముతారు. ఆ డాలర్లు బాగ్దాద్‌కు రావు, న్యూయార్క్ ఫెడరల్ రిజర్వు బ్యాంకులోని ఖాతాకు చేరతాయి. 2003లో మొదలైన ఏర్పాటు ఇది. 2020 జనవరిలో విదేశీ సేనలు వెళ్లిపోవాలని ఇరాక్ పార్లమెంటు తీర్మానించగానే, ఆ ఖాతా మూసివేస్తామని అమెరికా హెచ్చరించినట్లు వార్తలు వచ్చాయి. తన సొమ్ము తాళం తన వద్ద లేని దేశపు సార్వభౌమత్వం ఎంతటిదో మీరే ఊహించండి.

ఆర్థిక శాఖ ఆ డాలర్లను ఇరాక్ కేంద్ర బ్యాంకుకు ఇచ్చి, బదులుగా దినార్లు తీసుకుని ఉద్యోగుల జీతాలు చెల్లిస్తుంది. కేంద్ర బ్యాంకు ఆ డాలర్లను దిగుమతుల కోసం ప్రైవేటు బ్యాంకులకు అధికారిక ధరకు అమ్ముతుంది. గుట్టంతా ఇక్కడే ఉన్నది. రాని సరుకుకు దొంగ బిల్లు సృష్టించి, అధికారిక ధరకు డాలర్లు తీసుకుని, వాటిని బజారు ధరకు అమ్ముకోవచ్చు, లేదా దేశం దాటించవచ్చు. 2022 నవంబరులో న్యూయార్క్ బ్యాంకు ఈ బదిలీలను కఠినంగా తనిఖీ చేయడం మొదలుపెట్టింది. డాలర్లకు కటకట వచ్చింది, రెండు మూడు నెలల్లోనే బజారు ధర 1,650 దినార్లు దాటింది. పప్పు, నూనె, మందులు ప్రియమై జనం కేంద్ర బ్యాంకు ఎదుట ధర్నాకు దిగారు. 2023 జూలైలో 14 ఇరాకీ బ్యాంకులకు అమెరికా డాలర్ లావాదేవీలు నిలిపివేసింది.

ఈ గొడవ నడుమనే, 2023 ఫిబ్రవరిలో, దినార్ విలువ పెరిగింది. నిజంగానే పెరిగింది. 2020 డిసెంబరులో ప్రభుత్వం డాలరుకు 1,450కి దించిన దినార్‌ను సూదానీ ప్రభుత్వం 1,300కు తెచ్చింది. నోట్లు దాచుకున్నవారు ఎక్కడెక్కడో సంబరపడ్డారు. అయితే జరిగిందేమిటి? సామాన్యుడు బజారులో డాలరుకు 1,500 చుట్టూ చెల్లిస్తూనే ఉన్నాడు. పలుకుబడి గలవాడికి మాత్రం బ్యాంకు కిటికీ వద్ద 1,320కి డాలరు దొరికింది. డాలరుకు 180 దినార్ల తేడా. పది లక్షల డాలర్లు తెచ్చుకోగలిగితే 18 కోట్ల దినార్లు కూర్చున్నచోటనే లాభం. అంటే దినార్‌కు పెరిగిన అధికారిక విలువ పేదవాడి సంచికి చేరకుండా, కిటికీ దగ్గర వరుసలో ముందున్నవాడి జేబులో పడింది.

ఇక మూడు డాలర్ల కల సంగతి. ఇరాక్ విడుదల చేసిన నోట్లు ఇప్పుడు సుమారు 100 లక్షల కోట్ల దినార్లు. ప్రస్తుత ధర ప్రకారం వాటి మొత్తం విలువ దాదాపు 7,700 కోట్ల డాలర్లు. 2023 నాటి విదేశీ నిల్వలు సుమారు 10,000 కోట్ల డాలర్లు. ఈ నిల్వలు నేటి ధరను నిలబెట్టడానికి చాలుతాయి, అంతే. ఒక్కో దినార్‌కు మూడు డాలర్లు ఇవ్వాలంటే 300 లక్షల కోట్ల డాలర్లు కావాలి. ప్రపంచ దేశాలన్నీ కలిసి ఒక ఏడాదిలో ఉత్పత్తి చేసేదానికి ఇది సుమారు మూడు రెట్లు. నోటుపై మూడు సున్నాలు తీసివేసే ఆలోచన కేంద్ర బ్యాంకు చాలా ఏళ్లుగా చెబుతున్నది. అలా చేస్తే పాత వేయి రూపం మార్చుకుని కొత్త ఒకటి అవుతుంది, ఎవరి ఆస్తీ పెరగదు. కువైట్ దినార్ యుద్ధం తరువాత కోలుకున్నది కదా అంటారు. కువైట్ ఇరాక్ వలె పదమూడేళ్లు నోట్లు అచ్చువేసి బతకలేదు. మరొక సంగతి కూడా చూడాలి. డాలర్లలో వచ్చే ఆదాయంతో దినార్లలో జీతాలిచ్చే ప్రభుత్వానికి దినార్ బాగా బలపడటం నష్టమే. 40 లక్షలకు పైబడిన ఉద్యోగులకు జీతాలివ్వడానికి అప్పుడు దినార్లు చాలవు.

అమెరికా నిలిపివేతలు, ఎక్కువ నిల్వలు, కొత్త నోట్లు అన్నిటికంటే దినార్‌కు పెద్ద దెబ్బ నమ్మకం మీద పడింది. 2021 సెప్టెంబరు నుంచి 2022 ఆగస్టు వరకు, పన్నుల శాఖకు ప్రభుత్వ బ్యాంకు అయిన రాఫిదైన్‌లో ఉన్న ఖాతా నుంచి 247 చెక్కులతో దాదాపు 250 కోట్ల డాలర్ల విలువైన దినార్లు తీసుకుపోయారు. దిగుమతిదారులు పన్ను కింద పెట్టిన ధరావతు సొమ్ము అది. దాన్ని వాపసు తీసుకోవడానికి ఐదు కంపెనీల పేర చెక్కులు రాశారు. ఇరాకీలు దీన్ని ‘శతాబ్దపు దోపిడీ’ అన్నారు. ప్రధాని సూదానీ నోట్ల కట్టల గుట్టల నడుమ నిలబడి 182 బిలియన్ దినార్లు రాబట్టామని ప్రకటించారు. మొత్తంలో అది ఇరవయ్యో వంతు. ప్రధాన నిందితుడు మిగతాది చెల్లిస్తానని చెప్పి బెయిలుపై బయటకు వచ్చాడు, 2024లో విచారణకు హాజరు కాలేదు. 2003 నుంచి సుమారు 15,000 కోట్ల డాలర్లు దేశం దాటాయని అధ్యక్షుడు బర్హం సాలెహ్ 2021లో అంచనా వేశారు. హారూన్ రషీద్ కాలంలో ఖాజీ అబూ యూసుఫ్ ‘కితాబుల్ ఖరాజ్’ రాసినది ఈ బాగ్దాద్‌లోనే. పన్ను న్యాయంగా ఎలా వసూలు చేయాలో, ప్రజాధనాన్ని అమానత్‌గా ఎలా కాపాడాలో పాలకుడికి చెప్పిన గ్రంథమది.

ఈ ముహాససా ఎంత దూరం పోయిందో చూపడానికి ఒక ఉదాహరణ చాలు. అది మనలాంటి అల్పసంఖ్యాకులు ప్రత్యేకంగా గమనించవలసినది. 329 స్థానాల ఇరాక్ పార్లమెంటులో అల్పసంఖ్యాకులకు 9 స్థానాలు కేటాయించారు. అందులో ఐదు క్రైస్తవులవి. ఒక్కొక్కటి యజీదీ, షబక్, సాబియన్ మాండియన్, ఫైలీ కుర్దు వర్గాలవి. అయితే ఆ స్థానాలకు ఏ వర్గపు ఓటరైనా ఓటు వేయవచ్చు. 2021 ఎన్నికలలో ఐదు క్రైస్తవ స్థానాలలో నాలుగు, పెద్ద షియా సాయుధ పార్టీలతో సన్నిహితంగా ఉండే ఒక్క బృందానికే పోయాయి. ఆ ఓట్లలో చాలా భాగం క్రైస్తవులవి కావని చర్చి పెద్దలు మొరపెట్టుకున్నారు. పేరు క్రైస్తవులది, కుర్చీ మరెవరిదో. 2003కు ముందు పది లక్షలకు పైగా ఉన్న ఇరాక్ క్రైస్తవులలో నేడు మిగిలినవారు కొద్ది లక్షలు మాత్రమే.

సచార్ కమిటీ 2006లో నివేదిక ఇచ్చినప్పటి నుంచి మనం వాటా అడుగుతూనే ఉన్నాము. చట్టసభలలో, పోలీసులో, బడిలో, బ్యాంకు రుణాలలో. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో వచ్చిన 4 శాతం రిజర్వేషన్‌ను కోర్టులలో కాపాడుకుంటున్నాము. ఆ కోరికలో ఏ తప్పూ లేదు, ఇంకా గట్టిగా అడగాలి. కానీ వక్ఫ్ భూమి ఆక్రమణకు గురైనప్పుడు మనవాడు కుర్చీలో ఉన్నాడు కదా, ప్రశ్నించకండి అనే మాట ఏ సభలోనైనా వినబడితే, బాగ్దాద్‌లో జాగీరైన మంత్రిత్వ శాఖలను గుర్తుచేయండి. ఆ ప్రశ్నను ఆపగలిగినవాడు మన వాటాను ఎవరికైనా అమ్మగలడు.

ఇరాక్ యువత ఆ ప్రశ్నను ఆపలేదు. 2019 అక్టోబరులో బాగ్దాద్ తహ్రీర్ మైదానానికి, నాసిరియా, బస్రా వీధులకు వచ్చినవారిలో అత్యధికులు షియా యువకులే. ప్రభుత్వం నడుపుతున్నదీ షియా పార్టీలే. వారి నినాదం ‘నురీద్ వతన్’, మాకొక దేశం కావాలి. దినార్ విలువ పెంచమని వారు అడగలేదు. గాయపడినవారిని మన వీధులలో తిరిగే ఆటోలవంటి టుక్‌టుక్‌లలో నడిపేవాళ్లే ఆసుపత్రులకు మోసుకుపోయారు. సుమారు 600 మంది చనిపోయారు. నవంబరు చివర ప్రధాని అబ్దుల్ మహ్దీ రాజీనామా చేశాడు. చిన్న నియోజకవర్గాలతో కొత్త ఎన్నికల చట్టం వచ్చింది, 2021లో స్వతంత్రులు చెప్పుకోదగిన సంఖ్యలో గెలిచారు. 2023 మార్చిలో పెద్ద పార్టీలు ఒక్కటై ఆ చట్టాన్ని రద్దుచేసి పాత పద్ధతిని మళ్లీ తెచ్చాయి. ఆ డిసెంబరులో ప్రాంతీయ మండళ్ల ఎన్నికలు ఆ పద్ధతిలోనే జరిగాయి. తహ్రీర్‌లో నిలిచిన యువకులలో చాలామంది ఓటు వేయడానికి వెళ్లలేదు.

మాకు ఇచ్చిన సమయం ఇంతటితో పూర్తయింది. ప్రశ్నలున్నవారు చేయి ఎత్తండి, సోదరీమణుల వైపు నుంచి మొదలుపెడదాము.