ఎదుట లేని వానితో పోరు



మన గ్రామములలో సాయంకాలము రచ్చబండకడ నలుగురు చేరినప్పుడు ఒక వాదము తరచుగా పుట్టుచుండును. కోడి రామమూర్తిగారు నేడుండినచో ఇప్పటి వస్తాదులలో ఆయన యెదుట నిలుచువాడెవడని యొకరందురు. కాలము మారినది, ఇప్పటి సాధన వేరు, ఇప్పటి యాహారము వేరని మరియొకరందురు. దీపములు పెట్టు వేళవరకు వాదము సాగును. తీర్పు మాత్రము కలుగదు. రామమూర్తిగారు 1942లో స్వర్గస్థులైరి. వారు మరల గోదాలోనికి దిగుట లేదు గనుక ఆ వాదమునకు అంతము లేదు.

ఇట్టి వాదమునే యంత్రముచేత తేల్చవలెనని అమెరికా దేశమున నొకప్పుడు యత్నము జరిగినది. ఆ కథ మొదలైనది రేడియోలోనే గనుక రేడియోలో దానిని మీకు విన్నవించుట తగియే యున్నది.

ముష్టియుద్ధమును గూర్చి మన పురాణములలో వినని వారుండరు. పాశ్చాత్యులు దానికి నియమములేర్పరచి బాక్సింగు అని పిలుచుచున్నారు. త్రాళ్లు కట్టిన బరిలో ఇరువురు చేతులకు తొడుగులు ధరించి, నడుమునకు పైభాగముననే గ్రుద్దుకొనవలెను. పోరు మూడేసి నిమిషముల రౌండ్లుగా సాగును. రౌండుకు రౌండుకు నడుమ ఒక్క నిమిషము విశ్రాంతి. పడినవాడు పది లెక్కించులోపల లేవనిచో ఓడినట్లు.

1967వ సంవత్సరమున మరీ వోరోనర్ అను రేడియో నిర్మాత వేర్వేరు కాలముల జగజ్జెట్టీలను 16 మందిని ఏర్చెను. వారిలో కొందరు వృద్ధులు, కొందరు అప్పటికే గతించినవారు. ముష్టియుద్ధమెరిగిన వారిని, పత్రికా రచయితలను అడిగి, ఒక్కొక్కని వేగమెంత, గ్రుద్దు బలమెంత, దెబ్బకోర్చు శక్తి యెంత అని అంకెలు వేయించి, వానిని కంప్యూటరునకు అందించిరి. యంత్రము తేల్చిన ఫలితమును, కన్నులయెదుట జరుగుచున్న పోరువలెనే రేడియోలో వర్ణించిరి. 1952లో బిరుదు పొందిన రాకీ మార్సియానో, 1919లో బిరుదు పొందిన జాక్ డెంప్సీని తుదిపోరున ఓడించినట్లు జనులు వినిరి.

ఆ వరుసలో మహమ్మదాలీ జేమ్స్ జెఫ్రీస్ చేతిలో ఓడినట్లు ప్రసారమైనది. జెఫ్రీస్ 1899లో బిరుదు పొందినవాడు. ఆలీ పుట్టినది 1942లో. తానెన్నడును పోరని పోరున తానోడితినని లోకము వినుట ఆలీకి అవమానముగా తోచెను. నిర్మాతపై వ్యాజ్యము వేసెను. అప్పుడాయన స్థితియు బాగుగా లేదు. వియత్నాం యుద్ధకాలమున సైన్యమున చేర నిరాకరించినందున 1967లోనే బిరుదును, పోరుటకు అనుమతిని కోల్పోయి యుండెను.

ఆ వ్యాజ్యము రాజీ పడినది. 1969లో మయామీ నగరమున ఆలీని, మార్సియానోను ఒకే బరిలో నిలిపి చలనచిత్రము తీసిరి. మార్సియానో 49 పోరులు పోరి, ఒక్కటియు ఓడక, 1956లో బరి విడిచినవాడు. ఇప్పుడాయనకు 45 ఏండ్లు. శరీరపు బరువు చాల తగ్గించుకొని, పలుచబడిన తలకు సవరము పెట్టుకొని, మరల తొడుగులు ధరించెను. ఆలీకి 27 ఏండ్లు. ఒక్కొక్క నిమిషపు రౌండ్లు అనేకము తీసి, ముగింపులను గూడ పలువిధములుగా తీసిరి. ఏ ముగింపు నిలుచునో పోరినవారికే తెలియదు. ఆ సంవత్సరము ఆగస్టు 31వ తేదీన మార్సియానో విమాన ప్రమాదమున మరణించెను. మరునాడు ఆయన జన్మదినము.

1970 జనవరి 20వ తేదీన ఆ చిత్రమును ప్రదర్శించిరి. పదుమూడవ రౌండున మార్సియానో ఆలీని పడగొట్టినట్లు అమెరికా ప్రజలు చూచిరి. యూరపులో చూపిన ప్రతిలోనో, ఆలీయే గెలిచెను! జోడు ఒక్కటే, యంత్రము ఒక్కటే. చూచువారి దేశమునుబట్టి తీర్పు మారినది.

పెద్దలారా, ఇందులో యంత్రము దోషము లేదు. అది ఎవరి పోరును చూడలేదు. మనుష్యులు తమ అభిప్రాయములను అంకెలుగా చేసి దాని నోటిలో వేసిరి. అది వానినే మరల వెలికి తెచ్చెను. ఇది యంత్రము చెప్పినదని మనము భ్రమపడుదుము, చెప్పినది మనమే.

అంతకంటె గట్టి చిక్కు మరియొకటి కలదు. ఇరువురిని ఏ కాలపు నియమములతో నిలుపవలెను? 1889లో జాన్ సలివాన్, జేక్ కిల్రెయిన్ వట్టి పిడికిళ్లతో 75 రౌండ్లు, రెండు గంటలకు పైగా పోరిరి. ఆ పద్ధతిలో ఒకడు నేలపడిననే రౌండు ముగియును. ఆ సలివానే 1892లో చేతులకు తొడుగులు ధరించి, మూడు నిమిషముల రౌండ్ల పద్ధతిలో జేమ్స్ కార్బెట్ చేతిలో ఓడెను. మార్సియానో బరువు సుమారు 85 కిలోగ్రాములు. ఇప్పటి కొలతలలో ఆయనను పెద్ద బరువు తరగతికి క్రింది తరగతిలో చేర్తురు. మన కాలమున జగజ్జెట్టిగా నుండిన టైసన్ ఫ్యూరీ ఎత్తు 6 అడుగుల 9 అంగుళములు. మార్సియానో ఎత్తు 5 అడుగుల 10 అంగుళములు. మార్సియానోను నేటికి తెత్తమా, ఫ్యూరీని నాటికి పంపుదమా? ఎటు చేసినను ఒకరికి అన్యాయమే.

కాలములు నిజముగా కలిసికొన్న సందర్భములును లేకపోలేదు. జో లూయీ 1937 మొదలు 1949 వరకు జగజ్జెట్టి. 1951 అక్టోబరు 26వ తేదీన ఆయన మార్సియానో యెదుట నిలిచెను. లూయీకి 37 ఏండ్లు, మార్సియానోకు 28. ఎనిమిదవ రౌండున లూయీ త్రాళ్లనడుమనుండి వెలుపల పడెను. గెలిచిన మార్సియానో, బాల్యమునుండి తాను ఆరాధించిన వీరుని పడగొట్టితినని కన్నీరు పెట్టెనని చెప్పుదురు. 1980లో 38 ఏండ్ల ఆలీకి అట్టిగతియే పట్టెను. ఆయనకు సాధనలో తోడుగా నిలిచిన లారీ హోమ్స్ చేతిలోనే ఓడెను. కాలము రెండు తరములను కలిపినప్పుడు ఒకనిని వృద్ధునిగా చేసి కలుపును. ఎవరు గొప్పయను ప్రశ్నకు అదియును సమాధానము కాదు.

ఇంతవరకు పరుల కథ చెప్పితిని. ఇక నా తప్పును చెప్పుకొందును.

నేను ముప్పదియేండ్లకు పైగా బడిలో తెలుగు చెప్పితిని. ఒక తరగతిలో ఒక బాలుడుండెను. వాని యన్న అంతకు ఆరేండ్లముందు నా శిష్యుడు. పద్యము ఒక్కమారు విన్న చాలును, అప్పగించెడివాడు. తమ్ముడు తడబడినప్పుడెల్ల నేను, ‘మీ యన్నయైనచో ఈపాటికి అప్పగించి కూర్చుండెడివాడు’ అనుచుంటిని. ఒకనాడు వాడు తల యెత్తి, ‘మాస్టారండీ, మా అన్న నా పక్కన కూర్చుని లేడు కదండీ. ఉంటే నేనూ చదివి చూపిద్దును’ అనెను. తరగతి నవ్వెను. నేనును నవ్వితిని. వారము దినములకు వాడు బడి మానెను. నేను వారి యింటికి పోవునప్పటికి వాడు అరకతో పొలమునకు పోయియుండెను. మరల బడికి రాలేదు.

ఆలీ న్యాయస్థానమున మొరపెట్టుకొన్నదియు, ఆ బాలుడు నాతో అన్నదియు ఒక్కటే. ఎదుట లేనివానికి అలసట లేదు, గాయము లేదు, తడబాటు లేదు. మన జ్ఞాపకములో వాడు నానాటికి బలియుచునే యుండును. అట్టివానితో పోరి గెలువగలవాడెవడు?

రచ్చబండకడ వీరుల జోడు కట్టి వినోదింపవలదని నేననను. ఆ వినోదమువలన పాత వీరుల పేర్లు పిల్లల చెవిని పడును, అది మేలే. ఐనను ‘మా కాలమున’ అను మాట నోటికి వచ్చినప్పుడు, ఎదుట నిలిచిన కుర్రవానిని ఒక్కసారి చూడుడు. వాడు మోయుచున్న బరువును వాని కాలపు తూనికలతోనే తూచుడు. నేను ఒకనియెడల అట్లు చేయలేకపోతిని. మీ యిండ్లలో అట్టివారు ఇంకను ఉన్నారు.